మామ్మగారూ, ఎన్నిసార్లు పడ్డారు?

ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు, ఊళ్లలో ఆరోగ్య కేంద్రాలూ పల్లె దవాఖానాలూ నడిపే సీహెచ్‌ఓలకు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లకు), వాళ్లకు పని అప్పగించే పై అధికారులకు

నమస్కారం.

మా అమ్మకు 76 ఏళ్లు. గుంటూరు జిల్లాలో ఒక ఊళ్లో, నాన్న కట్టించిన మూడు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. నేను హైదరాబాద్‌లో టీచర్‌ని, తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. ఇలాంటి ఇల్లు మీకు కొత్తేం కాదు. మీరు తిరిగే ప్రతి వీధిలో రెండో మూడో ఉంటాయి. గేటుకు లోపలివైపు గొళ్లెం, ఎవరూ చూడని టీవీ మోత, పిలిచిన చాలాసేపటికి గానీ తెరుచుకోని తలుపు.

రెండేళ్ల కిందట మీలో ఒకామె సర్వే కోసం మా ఇంటికొచ్చింది. వేసవి సెలవులు కాబట్టి నేనూ ఉన్నాను. ఆమె గుమ్మంలో నిలబడే అడిగింది. లోపలికి రమ్మని మేమే అనలేదేమో, ఇప్పుడు గుర్తులేదు. బీపీ, షుగర్, పొగాకు అన్నీ అయ్యాక 60 దాటినవాళ్లకు వేసే ప్రశ్నల దగ్గరకొచ్చింది. "నిలబడినప్పుడు గానీ నడిచేటప్పుడు గానీ అస్థిరంగా అనిపిస్తుందా?" అమ్మ "లేదమ్మా" అంది. ఆఖర్న మనసు గురించి రెండు ప్రశ్నలు. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా, నిరాశగా అనిపించిందా అని. "నాకేం తక్కువమ్మా, పిల్లలు బంగారంలా చూసుకుంటారు" అంది అమ్మ, నావైపు చూస్తూ. నేను నవ్వాను కూడా.

అప్పటికే అమ్మ మూడుసార్లు పడింది. నాకు తెలియదు.

ఆ వచ్చినామె తప్పేం లేదు. ఆ ప్రశ్నలు ఫారంలో ఉండటమే గొప్ప సంగతి, పెద్ద పెద్ద ఆస్పత్రుల్లో కూడా ఎవరూ అవి అడగగా నేను చూడలేదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆ ప్రశ్నలు మీ చేతిలో ఉన్నాయి. వాటిని మా అమ్మలాంటివాళ్లు నిజం చెప్పగలిగేలా అడగండి. పడటం గురించీ దిగులు గురించీ విడివిడిగా కాకుండా కలిపి అడగండి. రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని నాకు తెలిసొచ్చేసరికి అమ్మ చెయ్యి విరిగింది.

నిజానికి ముందే తెలియాల్సింది. గోడలకు రంగులు వేసే అబ్బాయి చెప్పాడు. మొన్నటి సంక్రాంతి ముందు ఇల్లు శుభ్రం చేయిస్తుంటే, "అక్కా, ఇక్కడంతా జిడ్డు పట్టేసింది, గీకితే గానీ రంగు నిలవదు" అన్నాడు. వెళ్లి చూశాను. అమ్మ మంచం దగ్గర మొదలై గోడ మీద నడుమెత్తున, అరచేయంత వెడల్పున ఒక చార. కొబ్బరినూనె, పసుపు, వంటింటి తడి అన్నీ కలిసిన రంగు. అది పడగ్గది గోడ వెంట నడిచి, బీరువా తలుపు మీదుగా హాల్లోకి వచ్చి, బాత్రూం వైపు తిరిగింది. ఒక్కచోట మాత్రం తెగింది. మలుపులో ఉన్న ఫ్రిజ్‌కీ బాత్రూం తలుపుకీ మధ్య మూడడుగుల ఖాళీ. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. ఈత రానివాడు కాలవ దాటినట్టు అమ్మ రోజూ ఆ మూడడుగులూ దాటుతోందన్నమాట. "ఇదేంటమ్మా" అంటే "చేతులు సరిగ్గా తుడుచుకోనులే" అంది. నేను నమ్మాను. ఆ అబ్బాయి గీకేశాడు, రంగు వేశాడు, ఇల్లు కొత్తదైపోయింది.

నెల తిరక్కుండానే ఆ మూడడుగుల్లోనే పడింది. కుడి మణికట్టు. ఎక్స్‌రే తీశారు, కట్టు వేశారు, కాల్షియం మాత్రలు రాశారు, ఆరు వారాల తర్వాత రమ్మన్నారు. ఎలా పడ్డారు అన్నారు, "కాలు జారింది" అన్నాం. అక్కడితో అయిపోయింది. తెలుగులో ఆ మాట ఒక పెద్ద వెసులుబాటు. కాలు జారింది అనగానే తప్పంతా నేలదైపోతుంది, ఇంక ఎవరూ ఏమీ అడగరు. ఆ రోజు నేల పొడిగా ఉంది.

కట్టు విప్పాక ఊళ్లోని ఆరోగ్య కేంద్రం నుంచి సీహెచ్‌ఓ వచ్చింది. ఇరవై ఆరో ఏడో ఉంటాయేమో ఆ అమ్మాయికి. చెప్పులు విప్పి లోపలికొచ్చి మంచం మీద అమ్మ పక్కన కూర్చుంది. "అక్కా, కాస్త టీ పెడతారా" అని నాతో అంది. టీ మీద కోరికతో కాదని తర్వాత అర్థమైంది. వంటింట్లోంచి నాకన్నీ వినబడుతున్నాయి. "మామ్మగారూ, మా నానమ్మ ఈ ఏడాదిలో రెండుసార్లు పడింది. ఈ వయసులో మామూలే. మీరెన్నిసార్లు పడ్డారు?"

పడ్డారా అని కాదు, ఎన్నిసార్లు అని. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చెయ్యి విరిగింది కాక నాలుగుసార్లమ్మా" అంది.

అందులో ఒకటి కార్తీకమాసంలో. తెల్లవారుజామున నాలుగింటికి చన్నీళ్ల స్నానానికి లేచి బాత్రూంలో పడింది. ఎముకేం విరగలేదు, కానీ లేవలేకపోయింది. ఫోను హాల్లో టీవీ దగ్గర చార్జింగ్‌లో ఉంది. తడి చీరతో, తడి గచ్చు మీద, పాలబ్బాయి వచ్చేదాకా దాదాపు రెండు గంటలు అలాగే ఉండిపోయింది. గేటు చప్పుడు విని గొంతు పెగుల్చుకుని పిలిస్తే అతనొచ్చి లేపాడు. "పిల్లలకు చెప్పకురా నాయనా" అని ఒట్టు వేయించుకుంది. "చెబితే హైదరాబాద్ తీసుకుపోతారమ్మా. ఆ అపార్ట్‌మెంట్‌లో నేనేం చెయ్యను? ఇక్కడైతే కరివేపాకు చెట్టన్నా నాది."

ఆ అమ్మాయి వెంటనే సలహాలేవీ ఇవ్వలేదు. "పడ్డాక ఏమేం మానేశారు మామ్మగారూ?" అంది. అమ్మ ఒక్కొక్కటే చెప్పింది. శివాలయం మానేసింది, అక్కడ మూడు మెట్లున్నాయి. వాకిట్లో ముగ్గు మానేసింది, వంగితే కళ్లు తిరుగుతాయి. ఎదురింటివాళ్ల అమ్మాయి పెళ్లికి వెళ్లలేదు, జనంలో ఎవరన్నా తగిలితే పడిపోతానని. సాయంత్రం అయిదు దాటాక మంచినీళ్లు తాగడం మానేసింది, రాత్రి లేవాల్సి వస్తుందని. చివరికి, "దీపం పెట్టే వేళకు గుబులు మొదలవుతుందమ్మా. ఈ రాత్రి పడితే ఎట్లా అని. నిద్ర రాదు. ఎందుకొచ్చిన బతుకు అనిపిస్తుంది" అంది.

టీ పొంగిపోయింది. ప్రతి ఆదివారం తమ్ముడూ నేనూ వీడియో కాల్‌లో అమ్మతో మాట్లాడతాం. ఆ ఫోనులో మెడ పైన మాత్రమే కనబడుతుంది. అయిదేళ్లుగా అమ్మ మొహం చూశాం, నడక చూడలేదు.

సర్వే ఫారంలో అడిగినవి కూడా ఇవే. అప్పుడు అమ్మ లేదంది, ఈ అమ్మాయికి ఇంత చెప్పింది. తేడా ఎక్కడుందో ఆలోచించాను. మొదటిది భాషలో. "అస్థిరంగా" అన్నది మా అమ్మ మాట కాదు. ఆమెకు తూలుతుంది, కళ్లు తిరుగుతాయి, కాళ్లు తేలిపోతాయి, పట్టు తప్పుతుంది. "నిరాశ", "ఆసక్తి తగ్గడం" పేపర్లో చదువుతుందేమో గానీ నోటితో అనదు. ఆమెకు దిగులు, గుబులు, ఏమీ తోచకపోవడం, ముద్ద దిగకపోవడం. చాలామంది పెద్దవాళ్లు అసలు మనసు పేరే ఎత్తరు. ఒళ్లు నొప్పులంటారు, నిద్ర లేదంటారు, గుండె దడంటారు. మీకిచ్చే ఫారం తెలుగులోనే ఉన్నా మామ్మల తెలుగులో లేదు. దాన్ని తర్జుమా చేసుకునే పని మీ మీద పడింది. తెనాలిలో ఒక మాట, నల్లగొండలో ఒక మాట, శ్రీకాకుళంలో ఇంకోటి. అది ఏ ఆఫీసులోనూ కూర్చుని రాయలేరు, మీకే తెలుస్తుంది.

రెండోది, పక్కన నేనుండటం. కొడుకు ముందో కోడలి ముందో కూతురి ముందో ఏ పెద్దావిడా పడ్డానని ఒప్పుకోదు. పడటం అంటే వాళ్లకు దెబ్బ కాదు, మంచాన పడటానికి మొదటి మెట్టు. "కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోవాలి" అని మన ఇళ్లలో ప్రతి ముసలామె అనుకునే మాటే. పడ్డానంటే కాలూ చెయ్యీ ఆడటం లేదని ఒప్పుకున్నట్టే. అందుకని దాస్తారు. కమిలిన మోచేతి మీద కొంగు కప్పుకుంటారు. దయచేసి మమ్మల్ని టీ పెట్టమని పంపించండి. మంచినీళ్లకు పంపించండి. ఏదో ఒకటి చెప్పి పంపించండి.

పడటం, భయం, దిగులు ఒకదాన్నొకటి ఎలా లాక్కొస్తాయో డాక్టర్లకు తెలియనిదేం కాదు. అమెరికాలో మేరీ టినెట్టి అనే వృద్ధుల వైద్యురాలు 1990లోనే, ఎన్నిసార్లు పడ్డారు అన్నదానితో పాటు ఏ పని చేయడానికి ఎంత ధైర్యం ఉందో కొలవాలని ఒక ప్రశ్నావళి తయారుచేశారు. స్నానం చేయడం, మంచం దిగడం, వంట చేసుకోవడం, తలుపు తీయడానికి వెళ్లడం. ఇలాంటివే పది మామూలు పనులు. పడకుండా ఇవి చేయగలనని మీకెంత నమ్మకం అని అడుగుతారు. నమ్మకం పోయినవాళ్లు కదలడం తగ్గిస్తారు. కదలకపోతే తొడల్లో బలం పోతుంది. బలం పోతే మళ్లీ పడతారు. ఈలోగా గుడి పోతుంది, పేరంటం పోతుంది, అరుగు మీద కబుర్లు పోతాయి. మనిషికి దిగులు రాక ఏం చేస్తుంది? దిగులుగా ఉన్న మనిషి సరిగ్గా తినదు, నిద్రపోదు, కాళ్లీడ్చి నడుస్తుంది. మళ్లీ పడుతుంది.

ఇందులో మా పాపం కూడా ఉంది. చెయ్యి విరిగిన రోజు నుంచి మా ఇద్దరి నోటా ఒకటే మాట: "నువ్వు కదలకమ్మా, కూర్చో." తమ్ముడు పనిమనిషికి డబ్బులు పంపాడు. ఆమె మంచిదే, అమ్మ చేతిలోంచి తోటకూర కట్ట కూడా లాగేసుకునేది. మూడు నెలలకు అమ్మ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేకపోయింది. ప్రేమతో చేశాం. ఫలితం మాత్రం అదే.

మళ్లీ ఆ సీహెచ్‌ఓ దగ్గరకొస్తాను. అమ్మను పడుకోబెట్టి బీపీ చూసింది, 148. లేచి నిలబడమని, నిమిషం ఆగి మళ్లీ చూసింది, 116. నిలబడిన మూడు నిమిషాల్లో పై అంకె 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే తల తిరిగి పడే ప్రమాదం ఉందట. అమ్మకు 32 తగ్గింది. పదిహేనేళ్లుగా బీపీ మందులు వాడుతోంది, నిలబెట్టి చూసినవాళ్లు లేరు. ఎప్పుడూ కుర్చీలో కూర్చోబెట్టే. మీ దగ్గర మిషన్ ఎలాగూ ఉంటుంది, అదనంగా కావాల్సింది మూడు నిమిషాలే. తర్వాత మందుల డబ్బా తెమ్మంది. నాన్న పోయినప్పుడు నెల రోజులకని ఇచ్చిన నిద్రమాత్ర నాలుగేళ్లుగా నడుస్తోంది. రాత్రి లేచినప్పుడు మత్తుగా తూలడానికి అదీ ఒక కారణం. దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు, అలా ఆపినా ప్రమాదమే. డాక్టర్‌కు చూపించి రెండు నెలల్లో మెల్లగా తగ్గించారు, బీపీ మందు మోతాదూ మార్చారు.

కాళ్ల బలానికి ఫిజియోథెరపిస్టు చెప్పినవి చాలా మామూలువి. కుర్చీలోంచి చేతులు వాడకుండా పదిసార్లు లేచి కూర్చోవడం. వంటింటి గట్టు పట్టుకుని ఒక పాదం ముందు ఇంకో పాదం ఆనించి నిలబడటం. మడమల మీద, మునివేళ్ల మీద లేవడం. ఇళ్లలో ఉండే పెద్దవాళ్ల మీద వంద పైచిలుకు అధ్యయనాలను కలిపి 2019లో కోక్రేన్ సంస్థ లెక్క తేల్చింది: ఇలాంటి వ్యాయామాలతో పడటం 23 శాతం తగ్గుతుంది. ఇంత లాభం ఇచ్చే మాత్ర ఏదన్నా ఉంటే ఈపాటికి టీవీలో ప్రకటనలు వచ్చేవి.

ఆ ఫిజియోథెరపిస్టు నేర్పిన ఇంకోటి అన్నిటికంటే విలువైంది, కింద పడ్డాక లేవడం. హాల్లో చాప వేసి నేర్పాడు. ముందు పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద లేచి, పసిపిల్లలా నాలుగు కాళ్ల మీదకు వచ్చి, మంచం దాకా పాకి, రెండు చేతులూ దాని మీద ఆనించి, బలమైన కాలు ముందు పెట్టి లేవాలి. తుంటి దగ్గర విపరీతమైన నొప్పి ఉన్నా, కాలు కదలకపోయినా లేవకూడదు, చెంబుతో నేలను కొట్టి పిలవాలి. మొదటిరోజు అమ్మ సిగ్గుపడి నన్ను బయటకు పొమ్మంది. నాలుగో రోజు లేచి నిలబడి, "ఇదేదో ముందే తెలిస్తే ఆ కార్తీకమాసంలో పాలవాడి కోసం ఎదురుచూసే పనుండేది కాదు" అంది. ఆ రోజు నుంచి రాత్రిపూట గుబులు తగ్గింది. పడనని నమ్మకం రాలేదు. పడితే లేవగలనని వచ్చింది. ఏ మందూ ఇవ్వని ధైర్యం అది.

ఇక పై అధికారులకు కొంచెం. 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్ జనాభాలో 60 దాటినవాళ్లు 12.4 శాతం, దేశంలోని పెద్ద రాష్ట్రాల్లో మనకంటే ముందున్నవి కేరళ, తమిళనాడు, హిమాచల్, పంజాబ్. తెలంగాణలో 11 శాతం. ప్రపంచం మొత్తం మీద పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. వాళ్లలో ఎక్కువమంది 60 దాటినవాళ్లే. ఎముక విరిగాక ఆపరేషన్‌కు పథకాలున్నాయి. 70 దాటితే ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం 2024 అక్టోబరు నుంచి కేంద్రం ఆయుష్మాన్ భారత్ పథకంలో ఉంది. విరగకముందు బాత్రూం గోడకు బిగించే స్టీలు కడ్డీని ఏ పద్దు కింద అడగాలో మాత్రం నాకెవరూ చెప్పలేకపోయారు. మేం రెండు కడ్డీలు బిగించుకున్నాం, మేస్త్రీ కూలితో కలిపి 1,900 అయింది. ఒకటి ఆ మూడడుగుల ఖాళీలో.

పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు ఇచ్చే కేంద్ర పథకం వయోశ్రీ 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. మంచి పథకం. కానీ కర్ర ఇస్తే చాలదు, కొలత చూడాలి. నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే మణికట్టు ఎక్కడికొస్తుందో కర్ర పిడి అక్కడ ఉండాలి. కింద రబ్బరు బుష్ అరగకూడదు. నొప్పి ఉన్న కాలికి అవతలి చేత్తో పట్టుకోవాలి. మా వీధిలో ఒక తాతగారి కర్ర ఆయన ఛాతీ దాకా వస్తుంది, పట్టుకుంటే ద్వారపాలకుడిలా ఉంటాడు. ఆ కర్రతోనే పడ్డాడు.

ఆంధ్రాలో ప్రతి నెలా ఒకటో తేదీన గ్రామ సచివాలయం సిబ్బంది పింఛను డబ్బులు పట్టుకుని ఇంటికే వస్తారు. ప్రతి ముసలివాళ్లూ లేచి గుమ్మం దాకా వచ్చే రోజు అది. గోడ పట్టుకుని వచ్చారా, పోయిన నెల కంటే ఎక్కువసేపు పట్టిందా, అసలు రాలేక లోపలికే రమ్మన్నారా అన్నది ఆ ఒక్క నిమిషంలో కనబడుతుంది. ఆ సంగతి ఆశా కార్యకర్త చెవిన పడే ఏర్పాటు ఉంటే చాలు. తెలంగాణలో పోస్టాఫీసు దగ్గర వరసలో నిలబడేటప్పుడు ఎవరు రావడం మానేశారో పోస్ట్‌మాస్టర్‌కు తెలిసే ఉంటుంది.

ఆశా కార్యకర్తలకు ఇప్పటికే ఎన్ని సర్వేలు, ఎన్ని యాప్‌లు, గౌరవ వేతనం ఎంత అన్నది నాకు తెలుసు. టీచర్‌ని, ఫారాలు నింపే బాధ నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే కొత్త ప్రశ్నలు చేర్చమనడం లేదు. ఉన్నవాటికి సమయం ఇవ్వండి అంటున్నాను. రోజుకు ఇన్ని ఇళ్లు పూర్తవ్వాలని లెక్క పెడితే, గుమ్మంలో నిలబడే అడుగుతారు. గుమ్మంలో నిలబడి అడిగితే "లేదమ్మా" అనే వస్తుంది.

ఇంకొక్కటి. "ఎందుకొచ్చిన బతుకు" అన్నమాట విన్నప్పుడు, ముసలివాళ్లు అలాగే అంటారులే అని దాటేయకండి. మనసు గురించి మాట్లాడటానికి 14416 ఉంది, టెలీ మానస్. వృద్ధుల కోసం 14567 ఉంది, 2017లో హైదరాబాద్‌లోనే పుట్టిన హెల్ప్‌లైన్ అది. కానీ నంబరు రాసిచ్చి వెళ్తే మా అమ్మ జన్మలో చేయదు. ఆ సీహెచ్‌ఓ అమ్మాయి తన ఫోన్లోంచే 14416కి కలిపి అమ్మ చేతికిచ్చి, తను పెరట్లోకి వెళ్లిపోయింది. అమ్మ ఇరవై నిమిషాలు మాట్లాడింది. ఏం మాట్లాడిందో నేనూ అడగలేదు.

అమ్మ ఇప్పుడు ముగ్గు వేస్తోంది. వంగి కాదు, చిన్న స్టూలు మీద కూర్చుని, నాలుగు చుక్కల ముగ్గే. శివాలయానికి సోమవారాలు వెళ్తోంది, మెట్ల దగ్గర పూజారిగారి అబ్బాయి చెయ్యి అందిస్తాడు. పోయిన నెల మళ్లీ ఒకసారి పడింది. ఈసారి తనే లేచింది, తనే ఫోన్ చేసి చెప్పింది.

మీరు మళ్లీ మా వీధికి వస్తారు. తలుపు కొట్టాక అమ్మకు మంచం దిగి, ఒక నిమిషం కూర్చుని, గోడ కడ్డీ పట్టుకుని వచ్చేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. రెండోసారి కొట్టకండి, గట్టిగా పిలవకండి. ఎవరో వచ్చి వెళ్లిపోతారని కంగారుపడి లేస్తే ఆ మలుపులోనే పడుతుంది. వాకిట్లో కరివేపాకు చెట్టు కింద నీడ ఉంటుంది, కాసేపు అక్కడ నిలబడండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక కూతురు